వెనక్కి రమ్మన్న చెయ్యి

బండి వెనక్కి తీసేటప్పుడు ఎవరైనా చెయ్యి ఊపితే నాకు ఒళ్లు మండిపోయేది. దక్షిణ ఆస్ట్రేలియాలో, పోర్ట్ పిరీ అనే ఊళ్లో ఏళ్ల తరబడి బడి బస్సు నడిపినదాన్ని. వెనక సీట్లో పిల్లలు జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నా, ఒకడు వాంతి చేసుకుంటున్నా, ఇరుకు సందులోంచి ఒక్క గీత పడకుండా బస్సు బయటికి తెచ్చేదాన్ని. అలాంటి నాకు, రిటైరై మోటార్‌హోమ్ అనే చక్రాల ఇల్లు కొనుక్కుని రోడ్డెక్కాక, ప్రతి క్యాంపులోనూ ఇదే గొడవ. రివర్స్ గేరు వేసిన చప్పుడు వినబడితే చాలు, బీరు డబ్బాలు పట్టుకుని ముసలాళ్లంతా మడత కుర్చీల్లోంచి లేచొచ్చేస్తారు. ఒకడు రా రా అంటాడు. ఇంకొకడు ఆగాగు అంటాడు. మూడోవాడు వాళ్లిద్దర్నీ తిడతాడు. మంచితనమే, కాదనను. రోడ్డు మీద బతికేవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారు? కానీ నాకు మాత్రం ఒక్క మనిషే కావాలి, మా ఆయన డెన్జిల్.

మాకో పద్ధతి ఉండేది. తను బండి వెనక, నేను కూర్చునే కుడివైపున నిలబడేవాడు. అద్దంలో నేను తన కుడిచెయ్యి ఒక్కటే చూసేదాన్ని. తనవైపుకి ఊపితే ఇంకా చోటుంది, రమ్మని. పిడికిలి బిగిస్తే ఆగమని. మొహం చూసేదాన్ని కాదు. చూస్తే పోట్లాటే, ఎందుకంటే బండి ఎంత తిన్నగా వచ్చినా మా ఆయన మొహం ఎవరో పోయినట్టు పెట్టేవాడు. మాట్లాడుకోడానికని చేతి రేడియోలు కూడా కొన్నాం. మొదటి రోజే వాటిలో ఒకర్నొకరు ఎంత తిట్టుకున్నామంటే, క్యాంపులో అందరూ విని పడీ పడీ నవ్వారట. వాటిని సొరుగులో పడేశాం. "చెయ్యి చూడు, మొహం చూడకు," అని డెన్జిల్ తీర్మానించేశాడు. అప్పట్నుంచి అదే మా చట్టం.

నలార్బర్ ఎడారి మైదానం మీద పోతుంటే మా వెనక టైరు పేలింది. రబ్బరు పేలికలైపోయి, పోతూ పోతూ నీళ్ల గొట్టాన్నీ, తలుపు దగ్గరి మెట్టునీ పీకి రోడ్డు మీద పారేసింది. చుట్టూ చెట్టన్నది లేదు. ఉప్పునేలలో పెరిగే మోకాలెత్తు పొదలు, ఎండ, ఈగలు. డెన్జిల్ జాకీ పెడితే అది కంకరలోకి కూరుకుపోయింది.

"ఇంక నువ్వు తిట్టుకో, నేను వింటాను," అన్నాడు తను నేలమీద చతికిలబడి.

నేను నోరు తెరిచేలోపే ఒక పాత తెల్ల బస్సు వచ్చి ఆగింది. బస్సునే ఇల్లు చేసుకున్నారు. అందులోంచి మొగుడూ పెళ్లాలిద్దరు దిగారు, మెర్వ్, గ్లెనిస్. మెర్వ్ జీవితమంతా గొర్రెలకి ఉన్ని కత్తిరించినవాడు. నడుం వంగిపోయింది గానీ చేతులు మాత్రం ఇనపకడ్డీలే. గ్లెనిస్ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి మానేసింది.

"ఏంటమ్మా, బండి పేగులన్నీ రోడ్డు మీద ఆరబెట్టావు?" అన్నాడు మెర్వ్.

"నేనెందుకు ఆరబెడతాను? అదే ఆరబెట్టుకుంది."

"నోరు బాగా పనిచేస్తోంది. అయితే బండి కూడా బాగైపోతుందిలే."

జాకీ కింద చెక్క వేశాడు. టైరు మార్చాడు. గొట్టాన్ని కంచె తీగతో కట్టాడు. ఆలోపు గ్లెనిస్ మాకు టీ పెట్టి, చల్లబడిన గొర్రెమాంసం రొట్టెల్లో పెట్టి తినిపించింది. నేను బస్సు డ్రైవర్నని తెలిశాక మెర్వ్‌కి పేరు దొరికింది. ఇక ప్రతి మాటకీ బస్సమ్మా, బస్సమ్మా అంటూనే ఉన్నాడు.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలో," అన్నాను.

"రోడ్డు పక్కన రేపు ఇంకెవరైనా ఆగిపోయి కనబడితే, నువ్వూ ఆగు తల్లీ. అంతే," అంది గ్లెనిస్.

ఆ టైరుతో ఎక్కువ దూరం పోవద్దన్నాడు మెర్వ్. సాయంత్రానికి గాలి మారుతుందని రేడియోలో చెబుతున్నారట. కాస్త ముందు, రోడ్డుకి ఎడంగా పాత రాతి గోడ ఉంది, దాని చాటున ఆగుదామన్నాడు. సరే అన్నాం.

ఆ గోడ ఎప్పుడో గొర్రెలవాళ్లు కట్టిన కొట్టం తాలూకుది. కప్పు లేదు, మిగతా గోడలు లేవు. తలెత్తున ఒక్క గోడ మాత్రం పొడుగ్గా నిలబడి ఉంది. అక్కడ ఇంకెవరూ లేరు. దగ్గరికి వెళ్లేసరికి పచ్చి ఉన్ని వాసన కొట్టింది, జిడ్డు వాసన. ఏళ్లనాటి కొట్టంలో ఇంకా ఆ వాసనేంటని అనుకున్నాను గానీ, కడుపునిండా తిన్నాక వచ్చే మగతలో దాన్ని పట్టించుకోలేదు.

గోడ పక్కనే ఆనించి బండి పెట్టాలి. రివర్స్ వేశాను. వెంటనే మెర్వ్ చేతులు ఊపుతూ తయారు.

"ఒక్కరే!" అని అరిచాను కిటికీలోంచి. "మా ఆయన ఒక్కడే చెబుతాడు. నువ్వు పోయి కుర్చీలో కూర్చో."

"అమ్మో, బస్సమ్మకి కోపమొచ్చింది," అంటూ పోయాడు.

కుడివైపు అద్దంలో డెన్జిల్ చెయ్యి కనిపిస్తోంది. గోడ ఎంత దూరంలో ఉందోనని ఎడమ అద్దంలోకి ఒకసారి చూశాను. అక్కడ ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు, పొట్టి నిక్కరు, కళ్ల మీదకి దించుకున్న గుడ్డ టోపీ. నెమ్మదిగా చెయ్యి ఊపుతున్నాడు. ఎంత ముచ్చటైన సైగో! తొందర లేదు, తికమక లేదు. నిజం చెప్పొద్దూ, డెన్జిల్ చెయ్యి వదిలేసి ఆ చేతినే చూస్తూ వచ్చాను. ఒక్క దెబ్బకి బండి గోడ పక్కన అచ్చుగుద్దినట్టు నిలబడింది.

దిగి, "ఆ తెల్ల మేజోళ్లాయన ఎవరు? ఎక్కడికి పోయాడు? టీకి పిలవండి," అన్నాను.

ముగ్గురూ నావైపు చూశారు.

"ఎడమవైపు నిలబడ్డాడే," అన్నాను.

గ్లెనిస్ నన్ను బండి అవతలికి తీసుకెళ్లి చూపించింది. బండికీ గోడకీ మధ్య అరచెయ్యి దూరితే గొప్ప. "ఇక్కడ మనిషి నిలబడే సందేదమ్మా?" అంది. ఎండదెబ్బ అనుకుని నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది. డెన్జిల్ మాత్రం నవ్వాడు. "నా చెయ్యి వదిలేసి పరాయి మగాడి చెయ్యి చూశావన్నమాట," అన్నాడు. అందరం నవ్వాం. నేనే గట్టిగా నవ్వాను.

పొద్దు ఇంకా ఉండగానే దక్షిణం వైపు ఆకాశం ఎర్రబడింది. ముందు అదేదో మబ్బనుకున్నాం. మబ్బు కాదు, దుమ్ము. నేల మొత్తం లేచి నిలబడి నడిచొస్తోంది. పక్షులు మా నెత్తిమీంచి పారిపోతున్నాయి.

"బస్సమ్మా, బండి తిప్పు!" అని అరిచాడు మెర్వ్. "గాలి గోడ అవతలినుంచి కాదు, మనవైపునుంచే వస్తోంది. పక్కనుంచి కొడితే దొర్లించేస్తుంది. మూతి గాలికి పెట్టు, వెనక భాగం గోడకి పెట్టు!"

మెర్వ్ బస్సు బరువైనది, అది కదలదు. మా బండి డొల్ల డబ్బా. నేను ఎక్కి ముందుకి తీశాను. అంతలోనే గాలి వచ్చి పడింది. పగలు ఆరిపోయింది. కిటికీ సందుల్లోంచి దుమ్ము లోపలికి చిమ్ముతోంది, పళ్ల మధ్య కరకరమంటోంది. కాల్చిన ఇనుము వాసన. దాని వెనకే మళ్లీ ఆ ఉన్ని వాసన, ఈసారి బండి లోపల, నా సీటు వెనక.

నేను వెనక్కి తిరిగి చూడలేదు.

డెన్జిల్ ఎడమచేతిలో టార్చి పట్టుకుని వెనక నిలబడ్డాడు. కుడి అద్దంలో ఎర్రటి మసకలో ఒక వెలుగు గుండ్రం, అందులో తన చెయ్యి. అంతే కనబడుతోంది.

రమ్మంటోంది.

వచ్చాను.

ఇంకా రమ్మంటోంది.

గాలి బండిని పట్టుకుని ఊపేస్తోంది. గోడ వచ్చేసి ఉండాలి అనిపించింది. ఇంత దూరం లేదు కదా... కానీ చెయ్యి రమ్మంటోంది. నెమ్మదిగా, తొందర లేకుండా, ముచ్చటగా...

మా ఆయన ఎప్పుడూ అలా ఊపడు.

ఇన్నేళ్లలో మొదటిసారి మొహం చూశాను.

డెన్జిల్ నోరు తెరుచుకుని ఉంది. కళ్లు బయటికొచ్చేస్తున్నాయి. అరుస్తున్నాడు, ఆగు ఆగు అని, గొంతు చీరుకుపోయేలా అరుస్తున్నాడు, గాలి ఆ అరుపుని ఎత్తుకుపోతోంది. చెయ్యి మాత్రం రమ్మంటూనే ఉంది. ఎందుకంటే దాని మణికట్టుని ఇంకో చెయ్యి పట్టుకుని ఊపుతోంది. గోడలోంచి వచ్చినట్టు, తన భుజం వెనకనుంచి. కింద టార్చి వెలుగులో తెల్ల మేజోళ్లు.

బ్రేకు తొక్కాననుకున్నాను. దేవుడా... నేను తొక్కింది బ్రేకు కాదు.

ఆ చప్పుడు నేను చెప్పను. చెరుకు గానుగ తెలిసినవాళ్లకి తెలుస్తుంది. బండి గోడకి గుద్దుకుని ఆగి, ఇంజను ఇంకా నెడుతోంది. నా కాలు నా మాట వినడంలేదు. అద్దంలో డెన్జిల్ నోటినుంచి రక్తం బుడగలు. చెయ్యి ఇంకా ఊగుతోంది, రా, ఇంకా చోటుంది, రా...

నా పక్క కిటికీ పగిలింది. మెర్వ్ గుడారం మేకులు కొట్టే సుత్తితో బద్దలు కొట్టాడు. అద్దం ముక్కలు నా చెంపలో దిగాయి. ఆ సందులోంచే చెయ్యి పెట్టి నా మొహం మీద ఒక్కటి పీకాడు.

"ముందుకి! ముందుకి తియ్యవే!"

తీశాను. వెనక ఏదో గోడమీంచి జారి పడ్డ చప్పుడైంది.

దిగి పరిగెత్తేసరికి గ్లెనిస్ అప్పటికే తనని గోడకి కాస్త ఎడంగా లాగి, మీద వంగి ఉంది. డెన్జిల్ బతికే ఉన్నాడు. పక్కటెముకలు లోపలికి పోయాయి. కుడిచెయ్యి మోచేతి దగ్గర నలిగి పచ్చడైపోయింది. ఎముక లేదు అక్కడ, చర్మమూ నరాలూ వేలాడుతున్నాయంతే. రక్తం గోడమీద నా తలెత్తు దాకా చిమ్మి, దుమ్ము అంటుకుని అప్పుడే నల్లబడుతోంది. గ్లెనిస్ బస్సు ముందరి గుడ్డ పందిరిని కట్టే బెల్టు తీసి తన భుజం కింద బిగిస్తోంది.

"వెర్నా," అంది గుసగుసగా. "దీన్ని పట్టుకో."

"దేన్ని?"

"చేతిని. ఊరుకోవడంలేదు."

ఎముక తెగిన ఆ చెయ్యి దుమ్ములో ఊగుతోంది. వేళ్లు ముడుచుకుని విచ్చుకుంటున్నాయి, రమ్మంటూ. నేను రెండు చేతులతో పట్టుకున్నాను. అది నన్ను లాగింది. నాది చిన్న ఒళ్లు కాదు. అయినా మోకాళ్ల మీద గోడవైపు ఈడ్చుకుపోయింది, దాంతోపాటే డెన్జిల్నీ. తను కేకపెట్టాడు. బెల్టు జారింది. రక్తం మళ్లీ బుస్సుమని పొంగింది.

"ఇలా లాగితే ఈయన దక్కడు," అంది గ్లెనిస్. ఆసుపత్రి గొంతుతో చెప్పింది, వణుకు లేదు. "మెర్వ్, గొడ్డలి."

మెర్వ్ కట్టెలు కొట్టే చిన్న గొడ్డలి తెచ్చాడు. నావైపు చూశాడు. నా అనుమతి కోసం చూశాడని తర్వాత అర్థమైంది. డెన్జిల్ నా కళ్లలోకి చూస్తున్నాడు. ఆ చేతి వేళ్లు గోడని తాకాయి. ఆ రాళ్లలోకి తనని లాగేస్తారని నాకెందుకో గట్టిగా తెలిసిపోయింది, చెయ్యి పోతే పోయింది, మనిషి కావాలి నాకు.

"కొట్టు!" అని అరిచాను.

మొదటి దెబ్బ తెగలేదు. రెండోది తెగింది. నా చేతుల్లోంచి దాన్ని ఎవరో లాక్కున్నారు. పడిపోలేదు, గాలికి ఎగిరిపోలేదు. లాక్కున్నారు. నేను వెల్లకిలా పడ్డాను.

ఆ తర్వాత గాలి తగ్గుముఖం పట్టింది.

మిగతాదంతా మనుషుల మంచితనమే. చుట్టుపక్కల బండ్లన్నిటికీ వినబడే బస్సు రేడియోలో మెర్వ్ అరిచిన అరుపుకి, ఆ రోడ్డు మీద ఉన్న ప్రతి బండీ తిరిగొచ్చింది. ఎవరెవరో, పేర్లు కూడా తెలియదు. క్యారవాన్లూ, లారీలూ రోడ్డుకి రెండువైపులా బారులు తీరి దీపాలు వేస్తే, ఆ వెలుగులో ఎడారి జనం కోసం తిరిగే డాక్టర్ల విమానం రోడ్డు మీదే దిగింది. ఒకావిడ నా చెంపలోంచి గాజు ముక్కలు ఏరింది. ఇంకొకాయన తన దుప్పటి తీసి డెన్జిల్‌కి కప్పాడు. గ్లెనిస్ బెల్టు వదలకుండా విమానం ఎక్కేదాకా పక్కనే ఉంది. మర్నాడు మెర్వ్ ఆ గోడ చుట్టూ పొదపొదా వెతికాడట, చెయ్యేదని డాక్టర్లు అడుగుతారేమోనని. దొరకలేదు. రక్తం కూడా లేదన్నాడు, గోడ కడిగినట్టుందన్నాడు.

డెన్జిల్ బతికాడు. అదే నాకు పదివేలు.

మోటార్‌హోమ్ అమ్మేసి ఇంటికొచ్చాం. ఎడమచేత్తో చెంచా పట్టడం నేర్చుకున్నాడు, నన్ను తిట్టడం మళ్లీ మొదలుపెట్టాడు. కానీ కొన్నిసార్లు ఉన్నట్టుండి ఖాళీ చొక్కాచెయ్యి పట్టుకుని పాలిపోయేవాడు.

"ఉన్నట్టే ఉంది," అనేవాడు.

"తెగిన చెయ్యి ఉన్నట్టే అనిపించడం మామూలేనన్నారు కదా డాక్టర్లు."

"ఉన్నట్టు కాదు వెర్నా. ఊపుతున్నట్టు." గొంతు తగ్గించేవాడు. "ఎవర్నో రమ్మంటోంది."

నేను తన భుజం నిమురుతూ కూర్చునేదాన్ని. ఇంకేం చెయ్యను?

ఈ పొద్దున టీ తాగుతుంటే మెర్వ్ ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం తర్వాత కొనుక్కున్న ఉపగ్రహ ఫోను, ఎడారిలో కూడా పలుకుతుంది.

"బస్సమ్మా, నువ్వు తిడతావని తెలుసు," అన్నాడు. "ఆ గోడ దగ్గరున్నాను."

"నీకేమైనా పిచ్చా!"

"ఎవరో పడుచుపిల్ల, ఒళ్లో పసిబిడ్డ. కారు ఇసకలో దిగబడిపోయింది. రేడియోలో ఏడుస్తోంది. తెలిసి కూడా వదిలేసి ఎలా పోతానమ్మా? గ్లెనిస్ బస్సుని కాస్త వెనక్కి తీస్తే చాలు, గొలుసు తగిలించి లాగేస్తాం."

"మెర్వ్, వద్దు. వెనక నిలబడొద్దు నువ్వు."

"నిలబడాలి కదా, గొలుసు ఎవరు తగిలిస్తారు? భయపడకు. చేతులు ఊపను. రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాను, ఫోను చొక్కా జేబులో ఉంది. నోటితోనే చెబుతాను. గ్లెనిస్‌కి కూడా చెప్పాను, నా మొహమే చూడమని."

ఎదురుగా డెన్జిల్ చేతిలోని కప్పు కిందపడి పగిలింది. ఖాళీ చొక్కాచెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఊపుతోంది, వెర్నా," అన్నాడు పళ్లు బిగించి. "ఎప్పుడూ ఇంత గట్టిగా..."

"మెర్వ్! అక్కణ్ణుంచి పారిపో!"

ఫోనులో బస్సు ఇంజను మోత. పసిబిడ్డ ఏడుపు. మెర్వ్ గొంతు, హాయిగా, "రా గ్లెనిస్, రా..."

డెన్జిల్ ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలాడు. భుజం కిందికి జారింది. ఇన్ని నెలల్లో తన మొహం అంత తేటగా నేను చూడలేదు.

"పోయింది," అన్నాడు. నవ్వాడు కూడా. "వదిలేశాడు. నొప్పి లేదు, ఏమీ లేదు. ఉత్త మొండి చెయ్యే."

"ఎందుకు వదిలేశాడు?" అన్నాను.

ఫోనులో మెర్వ్ అన్నాడు, నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు, "ఇదేంటి... నా చెయ్యి... జేబులోంచి..."

తర్వాత అరిచాడు. "ఆగు! గ్లెనిస్, ఆగు! ఆగమంటున్నాను కదే... నా మొహం చూడు!"

ఇంజను మోత దగ్గరికొస్తూనే ఉంది. డెన్జిల్ కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో కప్పు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.